సీప్యాప్ మాస్క్ పడట్లేదా? మిషన్ అటకెక్కించే ముందు ఏమేం ట్రై చేయొచ్చు, ఎలా చేయాలి

నాకున్నది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు. దానికి డాక్టర్లు ఇచ్చేది సీప్యాప్, మాస్క్‌లోంచి ఒత్తిడితో గాలి కొట్టి గొంతు మూసుకుపోకుండా ఉంచే మిషన్. రాత్రి పదకొండింటికి బుద్ధిగా మాస్క్ పెట్టుకుని పడుకునేవాణ్ణి, పొద్దున లేచేసరికి అది మంచం కింద చెప్పుల పక్కన పడుండేది. ఎప్పుడు పీకేశానో నాకే తెలీదు. మూడింటికి కాస్త అటూ ఇటూగా తీసి విసిరేస్తారండీ, పది నిమిషాల్లో మళ్ళీ గురక మొదలు అని మా ఆవిడ చెప్పేది. అలా నాలుగు నెలలు కుస్తీ పట్టి, ఇక నా వల్ల కాదని మిషన్ని బ్యాగులో సర్దేసి అటక మీద పెట్టేశా, యాభై వేల దాకా పోసి కొన్నది. ఆ తర్వాత ఏడాదిన్నరలో నేను ట్రై చేసినవి, చేసి వదిలేసినవి, డాక్టర్ల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నవి అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈమధ్య మా ఆఫీసులోనే ముగ్గురు అడిగారు, ముగ్గురిదీ ఒకటే మాట, "మిషన్ కాకుండా ఇంకేమైనా ఉందా అన్నా?"

ఉంది, చాలానే ఉన్నాయి. కాకపోతే మీకేది పనికొస్తుందో చెప్పాల్సింది మీ స్లీప్ స్టడీ రిపోర్టు (రాత్రి నిద్రలో ఊపిరీ ఆక్సిజనూ కొలిచే పరీక్షది), యూట్యూబ్ కాదు, నేనూ కాదు.

కాబట్టి ముందు ఆ ఫైలు బయటికి తీయండి. మొదటి పేజీలో మోడరేట్ అనో సివియర్ అనో చూసేసి బీరువాలో పడేస్తారు చాలామంది, నేనూ అదే చేశా, కానీ అసలు సరుకంతా లోపలి పేజీల్లో ఉంటుంది. ఏహెచ్ఐ అని ఒక అంకె ఉంటుంది చూడండి, గంటకి ఎన్నిసార్లు మీ ఊపిరి పూర్తిగా ఆగిందో లేదా బాగా తగ్గిపోయిందో ఆ లెక్క అది, కనీసం 10 సెకన్లు ఉంటేనే ఒకటి కింద లెక్కేస్తారు. 5 లోపు నార్మల్, 5 నుంచి 15 మైల్డ్, 15 నుంచి 30 మోడరేట్, 30 దాటితే సివియర్. నాది 23. రాత్రికి ఏడు గంటలు నిద్ర వేసుకున్నా నూట అరవై సార్లు ఎవరో పీక నొక్కి వదిలినట్టన్నమాట, ఇంకెక్కడి నిద్ర.

దాని కిందే సుపైన్ అని ఇంకో లైను ఉంటుంది, అంటే వెల్లకిలా పడుకున్నప్పటి అంకె. నాకు వెల్లకిలా 38, పక్కకి తిరిగి పడుకున్నప్పుడు 9. ఈ ఒక్క లైను గురించి నాకెవరూ చెప్పలేదు, ఆర్నెల్ల తర్వాత నేనే చూసుకుని అరే ఇదేంటి అనుకున్నా. వెల్లకిలా అంకె పక్కకి పడుకున్న అంకెకి రెట్టింపో అంతకన్నా ఎక్కువో ఉంటే పొజిషనల్ ఆప్నియా అంటారు, 1984లో రోజలిండ్ కార్ట్‌రైట్ అనే ఆవిడ పెట్టిన లెక్క, ఇప్పటికీ డాక్టర్లు అదే వాడతారు. అది కాక రక్తంలో ఆక్సిజన్ ఎంతదాకా పడిపోయిందో చూడండి, నాది 81 శాతం దాకా పడింది. ఇంకా ఆగినవి అబ్‌స్ట్రక్టివా సెంట్రలా అనేది కూడా విడివిడిగా రాసుంటుంది. అబ్‌స్ట్రక్టివ్ అంటే గొంతులో దారి మూసుకుపోవడం, ఛాతీ పొట్ట ఎగిరెగిరి పడుతుంటాయి కానీ గాలి మాత్రం లోపలికి పోదు. సెంట్రల్ అంటే దారి తెరిచే ఉంటుంది, ఊపిరి తీసుకోమని మెదడు నుంచి కబురే రాదు. నేను ఇక్కడ రాసేవన్నీ మొదటి రకానికే, మీ రిపోర్టులో సెంట్రల్ ఎక్కువుంటే కింద చెప్పబోయే పళ్ళ సెట్లూ ఎక్సర్‌సైజులూ మీకు కావు, నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తా, తర్వాత మర్చిపోతా. ఏహెచ్ఐ 30 దాటినవాళ్ళు, ఆక్సిజన్ బాగా కిందకి పడేవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గతంలో పక్షవాతం వచ్చినవాళ్ళు, రోజూ బండి నడిపేవాళ్ళు, వీళ్ళు వేరేది కుదిరేదాకా మిషన్ మానకండి, రాత్రికి నాలుగు గంటలు పెట్టుకున్నా సరే పెట్టుకోండి. నేను మిషన్ అటకెక్కించిన రెండో నెలలో గుంటూరు నుంచి విజయవాడ వస్తూ కాజ టోల్‌గేట్ లైన్లో నిలబడ్డా, నాలుగు బళ్ళు ముందున్నాయి, ఆ నాలుగు బళ్ళు కదిలేలోపు స్టీరింగ్ మీద నిద్రపోయా. వెనకాల లారీ అతను హారన్ కొడితే లేచా. పొద్దున పదకొండు గంటలప్పుడు ఇది, రాత్రి కాదు. బండి ఆగి ఉంది కాబట్టి సరిపోయింది.

సరే, వేరేవి మొదలెట్టే ముందు మిషన్‌కే ఇంకొక్క ఛాన్స్ ఇచ్చి చూడండి, ఎందుకంటే పడట్లేదు అనేవాళ్ళలో చాలామందికి పడనిది మిషన్ కాదు, మాస్క్. ముక్కూ నోరూ మొత్తం కప్పే పెద్ద మాస్క్ ఇచ్చి పంపేస్తారు షాపువాళ్ళు, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనుకునే చిన్నవి ఉంటాయని చెప్పరు, నేసల్ పిల్లోస్ అని అడగండి. నోరు ఎండిపోతుంటే హ్యూమిడిఫయర్, అంటే గాలికి తేమ కలిపేది, పెంచాలి. పడుకోగానే గాలి మొహం మీద కొట్టినట్టుంటే ర్యాంప్ అని సెట్టింగ్ ఉంటుంది, ప్రెషర్ నెమ్మదిగా పెరుగుతుంది. ముక్కు మూసుకుపోయేవాళ్ళు ముందు ముక్కు చూపించుకోవాలి, దిబ్బడ ఉన్న ముక్కులోకి గాలి కొడితే ఎవరికైనా చిరాకే. పొద్దున టీవీ చూస్తూ ఒక అరగంట మాస్క్ పెట్టుకుని కూర్చోండి, మొహానికి అలవాటవుతుంది, ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి. ఇక కరెంటు పోయే ఊళ్ళల్లో ఇన్వర్టర్ మీద నడుస్తుందా లేదా అని మిషన్ కొనేముందే అడగాలి. ఇవన్నీ చేసినా కుదరకపోతే అప్పుడు వేరే దారి.

అన్నట్టు ఈ మిషన్ కనిపెట్టింది సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టర్, 1981లో బయటి ప్రపంచానికి చెప్పాడు, మొదట్లో వాక్యూమ్ క్లీనర్ మోటారు తిప్పి గాలి కొట్టేవాళ్ళట. అంతకుముందు సివియర్ కేసులకి ఉన్న గట్టి వైద్యం ఒక్కటే, గొంతుకి రంధ్రం పెట్టడం. అది తెలిశాక మాస్క్ మీద నా కోపం సగం చల్లారింది.

ఖర్చు లేని దానితో మొదలెడదాం, పక్కకి తిరిగి పడుకోవడం. వినడానికి అమ్మమ్మ చిట్కాలా ఉంటుంది కానీ నాలాగా వెల్లకిలా అంకె ఎక్కువున్నవాళ్ళకి ఇది నిజంగా పనిచేస్తుంది. వెల్లకిలా పడుకుంటే నాలుకా అంగిలి వెనక మెత్తటి భాగమూ బరువుకి గొంతు మీదకి జారతాయి, పక్కకి తిరిగితే అంత జారవు. సమస్యల్లా నిద్రలో మనకి తెలీకుండా తిరిగేస్తాం. దానికి పాత ఉపాయం వీపు మీద బంతి. పాత బనియన్ తీసుకుని వీపు వైపు సరిగ్గా భుజం ఎముకల మధ్య ఒక జేబు కుట్టించా, మా వీధి చివర టైలర్ దగ్గరికి తీసుకెళ్తే వీపు మీద జేబేంటి సార్ అని రెండుసార్లు అడిగాడు, చెప్తే ఇంకా విచిత్రంగా చూశాడు. జేబులో ఒక టెన్నిస్ బంతి వేసి పైన రెండు గుండీలు. మొదటి వారం బంతి పక్కకి జారి డొక్కలో గుచ్చుకునేది, అందుకని జేబు వదులుగా కాకుండా బంతి బిగుతుగా పట్టేంత మాత్రమే కుట్టించండి, బనియన్ కూడా ఒంటికి అతుక్కునేది ఉండాలి, లూజు బనియన్ అయితే బంతితో సహా బనియనే తిరిగిపోతుంది. వెనకాల ఒక గట్టి దిండు, మోకాళ్ళ మధ్య ఒక చిన్న దిండు పెట్టుకుంటే నడుం నొప్పి రాదు. ఎడమ భుజం పట్టేస్తే కుడికి మారండి.

బంతి పద్ధతి చాలామంది కొన్ని నెలలకే మానేస్తారు, వీపు నొప్పి అనో సరిగా నిద్ర పట్టట్లేదనో. నేను మూడు నెలలు చేశా, ఆ తర్వాత బంతి తీసేసినా పక్కకి పడుకోవడం చాలావరకు అలవాటైపోయింది. బంతి వద్దనుకునేవాళ్ళకి మెడకో ఛాతీకో కట్టుకునే చిన్న పరికరాలు ఉన్నాయి, వెల్లకిలా తిరగ్గానే సెల్‌ఫోన్ లాగా వణికి మనల్ని కదిలిస్తాయి. వెల్లకిలాకీ పక్కకీ అంకెలో పెద్ద తేడా లేకపోతే మాత్రం ఈ బంతి కోసం టైలర్ దగ్గరికి వెళ్ళకండి, వేస్ట్.

ఇప్పుడు పళ్ళ సెట్టు సంగతి. నాకు చివరికి కుదిరింది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తా. ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చాక డాక్టర్లు పేషెంట్ కింది దవడని ముందుకి ఎత్తి పట్టుకుంటారు తెలుసా, దవడతో పాటు నాలుక కూడా ముందుకొచ్చి గొంతు తెరుచుకుంటుంది కాబట్టి. ఆ పనే రాత్రంతా చేసేది ఈ సెట్టు, మాండిబ్యులర్ అడ్వాన్స్‌మెంట్ డివైజ్ అంటారు, పై పళ్ళకి తొడిగేదొకటి కింది పళ్ళకి తొడిగేదొకటి, రెండిటినీ కలుపుతూ స్క్రూలో పట్టీలో ఉంటాయి. మైల్డ్, మోడరేట్ వాళ్ళకీ, సివియర్ ఉండి మిషన్ అసలు పెట్టుకోలేనివాళ్ళకీ వాడతారు. ఏహెచ్ఐ తగ్గించడంలో మిషన్ అంత కాదు, మిషనే పైచేయి. కాకపోతే మిషన్ మూడు గంటలు పెట్టుకుని తీసేసేవాడు దీన్ని రాత్రంతా పెట్టుకోగలడు, ఆ లెక్కన చూస్తే తేడా బాగా తగ్గిపోతుంది.

ఆన్‌లైన్లో వెయ్యి రెండు వేలకి వేడినీళ్ళలో ముంచి కొరికేవి దొరుకుతాయి, నేను మొదట అదే కొన్నా, కక్కుర్తి. రెండో రాత్రికే చిగుళ్ళు ఒరుసుకుపోయాయి, దవడ ఎంత ముందుకి రావాలో సరిచేసుకునే దారీ లేదు. ఆ తర్వాత ఒక డెంటిస్ట్ దగ్గరికి వెళ్తే ఆయన గురకకి పళ్ళ సెట్టా అని అడిగాడు, అక్కడి నుంచి లేచొచ్చేశా. మీరు వెళ్ళే ముందు ఫోన్లోనే అడగండి, స్లీప్ ఆప్నియాకి సెట్లు చేస్తారా, ఇప్పటిదాకా ఎంతమందికి చేశారు, స్క్రూతో అడ్జస్ట్ అయ్యేదేనా అని. ఈ మూడిటికీ తడుముకోకుండా జవాబు వస్తేనే వెళ్ళండి.

నాకు చేసినావిడ మొదట పళ్ళన్నీ చూసి, దవడ కీళ్ళ మీద వేళ్ళు పెట్టి నోరు తెరిచి మూయించి టక్ టక్ శబ్దం వస్తుందేమో విని, చిగుళ్ళు క్లీన్ చేయించుకుని రమ్మంది. సెట్టుకి పట్టు దొరకాలంటే పైనా కిందా సరిపడా గట్టి పళ్ళుండాలి, కదిలే పళ్ళు, చిగుళ్ళ జబ్బు, కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళకి కష్టం. తర్వాత అచ్చు తీశారు, చల్లటి ముద్ద నోట్లో పెట్టి రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉండమంటారు, వాంతి వచ్చినట్టుంటే ముక్కుతో ఊపిరి తీసుకుంటూ కాలి బొటనవేలు ఆడిస్తుండండి అని చెప్పింది, ఎందుకో తెలీదు గానీ పనిచేసింది. ఆ తర్వాత ఒక స్కేలు లాంటిది పళ్ళ మధ్య పెట్టి దవడని వీలైనంత ముందుకి తెమ్మంది, నాకు 10 మిల్లీమీటర్లు వచ్చింది. సెట్టు మొదట అందులో సగం దగ్గర పెట్టి ఇచ్చారు, అంటే 5. అక్కడి నుంచి వారానికి రెండు మూడు సార్లు ఒక చిన్న తాళంచెవి లాంటి పుల్లతో స్క్రూ తిప్పుకోవాలి, ఒక్కో తిప్పుకి పావు మిల్లీమీటరు. తొందరపడి రోజూ తిప్పారో దవడ పట్టేస్తుంది, నేను ఒక శనివారం నాలుగు తిప్పులు తిప్పి ఆదివారం పెసరట్టు నమల్లేక చారన్నం తిన్నా. గురక తగ్గి, పగటి మత్తు తగ్గి, దవడ నొప్పి లేని చోట ఆగాలి. నాది ఏడున్నర దగ్గర ఆగింది.

మొదటి రెండు వారాలు చొంగ కారుతుంది, దిండు మీద టవల్ వేసుకోండి. పొద్దున తీయగానే పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలవవు, ఇదేంట్రా బాబూ అని కంగారు పడతాం, ఓ పావుగంట అరగంటలో సర్దుకుంటుంది, త్వరగా సర్దుకోడానికి ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఇస్తారు, దాన్ని కాసేపు కొరికి పట్టుకోవాలి. ఈ బిళ్ళ సంగతి బద్ధకించకండి, ఏళ్ళ తరబడి వాడితే పళ్ళ కలయిక నెమ్మదిగా మారిపోయే అవకాశం ఉంది, అందుకే ఆర్నెల్లకో ఏడాదికో డెంటిస్ట్‌కి చూపించుకోవాలి. సెట్టుని వేడినీళ్ళతో కడగొద్దు, వంకర పోతుంది. నాకు మొత్తం పాతిక వేలు దాటింది.

పళ్ళు సరిగా లేనివాళ్ళకి నాలుక పట్టుకునే సెట్టు ఇంకోటుంది, మెత్తటి రబ్బరు బుడ్డి లాంటిది, నాలుక చివర దాన్లో పెడితే పీల్చినట్టు పట్టుకుని ముందుకి ఉంచుతుంది. నేను పెట్టుకోలేదు, ఫొటో చూస్తేనే భయమేసింది.

బరువు గురించి మీకు ఈపాటికి పదిమంది చెప్పే ఉంటారు, నేనూ చెప్తే చిరాకు. అయినా ఒక లెక్క చెప్పి ఊరుకుంటా. అమెరికాలో విస్కాన్సిన్‌లో ఏళ్ళ తరబడి జనాన్ని గమనించి 2000లో చెప్పిన లెక్క ప్రకారం 10 శాతం బరువు తగ్గితే ఏహెచ్ఐ దాదాపు 26 శాతం తగ్గింది, 10 శాతం పెరిగితే 32 శాతం పెరిగింది. అంటే తొంభై కేజీల మనిషికి తొమ్మిది కేజీలు. నేను 91 నుంచి 84కి వచ్చా, రాత్రి అన్నం మానేసి కాదు, రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఏడున్నరకి మార్చి, రెండో వడ్డన మానేసి, పొద్దున నడిచి. అయితే సన్నగా ఉన్నవాళ్ళకీ ఆప్నియా వస్తుంది, కింది దవడ చిన్నగా వెనక్కి ఉన్నవాళ్ళకి గొంతు దారే ఇరుకు, వాళ్ళని తిండి తగ్గించమంటే పాపం.

ఇప్పుడందరూ అడిగేది ఇంజెక్షన్ గురించి. టిర్జెపటైడ్ అనే మందుని 2024 డిసెంబరులో అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఊబకాయం ఉండి మోడరేట్ నుంచి సివియర్ దాకా ఆప్నియా ఉన్న పెద్దవాళ్ళకి అనుమతించింది, ఆప్నియాకి అక్కడ ఒప్పుకున్న మొదటి మందు అదే. ట్రయల్‌లో మొదట సగటున గంటకి 50 దాకా ఆగేవాళ్ళకి ఏడాదిలో పాతిక పైగా తగ్గింది, చిన్న విషయం కాదది. మన దగ్గర మౌంజారో పేరుతో 2025 మార్చి నుంచి దొరుకుతోంది, షుగరుకీ బరువుకీ రాస్తున్నారు. వారానికో ఇంజెక్షన్, ఖరీదు ఎక్కువ, వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం మామూలే, ఇంట్లో మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఎవరికైనా ఉన్నా, ప్యాంక్రియాస్ వాచిన చరిత్ర ఉన్నా డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఆపేస్తే బరువు వెనక్కి వస్తుంది, బరువుతో పాటు గురకా వస్తుంది. స్నేహితుడి ప్రిస్క్రిప్షన్ పట్టుకెళ్ళి కొనుక్కునే వ్యవహారం మాత్రం వద్దు.

ఇక నాకు బాగా నచ్చిన చాప్టర్, శంఖం. నవ్వకండి. జైపూర్‌లో డాక్టర్లు మోడరేట్ ఆప్నియా ఉన్న 30 మందిని తీసుకుని కొందరితో రోజూ శంఖం ఊదించారు, మిగతావాళ్ళతో ఊరికే దీర్ఘంగా ఊపిరి తీయించారు. వారానికి ఐదు రోజులు, రోజుకి కనీసం 15 నిమిషాలు, ఆర్నెల్లు. 2025లో ఫలితం బయటికొచ్చింది, శంఖం ఊదినవాళ్ళకి పగటి మత్తు 34 శాతం తగ్గింది, గంటకి సగటున నాలుగైదు ఆగడాలు తగ్గాయి. అంతకు చాలా ముందే 2006లో స్విట్జర్లాండ్‌లో డిడ్జెరిడూ అనే ఆస్ట్రేలియా ఆదివాసుల పొడుగాటి బూర ఊదించి ఇలాంటిదే చేశారు, 25 మందితో నాలుగు నెలలు, వాళ్ళకి 2017లో ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ప్రైజు అది. పెదాలు బిగించి గట్టిగా ఊదినప్పుడు గొంతూ అంగిలీ కండరాలకి కసరత్తు అవుతుంది, అదీ సంగతి. మా పూజగదిలో నాన్నగారి శంఖం ఉంటే తీసి మొదలెట్టా, మొదటి నాలుగు రోజులు గాలి తప్ప శబ్దం రాలేదు, ఐదో రోజు బర్రె అరిచినట్టు ఒక కూత వచ్చింది, మా అమ్మ వంటింట్లోంచి "ఏవిట్రా, సంక్రాంతికి ఇంకా నాలుగు నెలలుంది, అప్పుడే జంగందేవర వచ్చాడా" అంది. బుగ్గలు ఉబ్బించకుండా, పొట్టలోంచి గాలి తీసి, పెదాలు బిగించి ఊదాలి. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు టైము చూసుకోండి. గ్లాకోమా, హెర్నియా, కంట్రోల్‌లో లేని బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగే ఊదాలి. నాలుగైదు తగ్గడమంటే నా 23కి అదొక్కటే సరిపోదు, తోడుగా అయితే మంచిదే. రీసెర్చి కూడా చిన్నదే, 30 మంది.

శంఖం లేనివాళ్ళకి నాలుక ఎక్సర్‌సైజులున్నాయి. బ్రెజిల్‌లో 2009లో మోడరేట్ ఉన్న 31 మందితో చేసిన దాంట్లో, ఎక్సర్‌సైజులు చేసినవాళ్ళకి మూడు నెలల్లో ఏహెచ్ఐ 22 నుంచి 14 దగ్గరికి వచ్చింది. నాలుక కొస పై పళ్ళ వెనక ఆనించి అంగిలి మీదుగా వెనక్కి జార్చడం ఇరవై సార్లు. నాలుక మొత్తాన్ని అంగిలికి పీల్చి అతికించి పట్టుకోవడం ఇరవై సార్లు. నాలుక కొస కింది పళ్ళకి ఆనించి వెనక భాగాన్ని కిందకి నొక్కడం. అద్దం ముందు నోరు తెరిచి "ఆ" అంటూ కొండనాలుక పైకి లేస్తుందో లేదో చూసుకోవడం, ఇది నిజానికి కష్టం, వారం పడుతుంది పట్టు దొరకడానికి. బెలూన్ ఊదడం. రోజుకి అరగంట అన్నారు, నేను కారులో సిగ్నళ్ళ దగ్గర చేసేవాణ్ణి, పక్క ఆటో అతను ఏమనుకున్నాడో. మూడు నెలలు వదలకుండా చేయాలి, మానేస్తే పోతుంది.

ఆపరేషన్ల దగ్గరికొస్తే నేను చేయించుకోలేదు, విన్నంతవరకు చెప్తా. చిన్నపిల్లలకి గురక, నోటితో ఊపిరి, పక్క తడపడం ఉంటే టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయించడమే చాలాసార్లు మొదటి వైద్యం, పిల్లల్ని మిషన్ల చుట్టూ తిప్పే ముందు ఈఎన్టీకి చూపించండి. పెద్దవాళ్ళకీ టాన్సిల్స్ నిజంగా పెద్దవిగా ఉంటే బాగా ఉపయోగం. కొండనాలుకా దాని చుట్టూ మెత్తటి కండా కత్తిరించే ఆపరేషన్ పాతది, యూపీపీపీ అంటారు, కొందరికి బాగా పనిచేసింది, కొందరికి కొన్నేళ్ళకి మళ్ళీ వచ్చింది, కొందరికి నీళ్ళు తాగితే ముక్కులోంచి రావడం మిగిలింది, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళు ఊరికే అన్లేదు. ముక్కు దూలం వంకర సరిచేయించుకుంటే ఊపిరి హాయిగా ఆడుతుంది, మాస్క్ పడుతుంది కూడా, కానీ ఒక్క దానితో ఆప్నియా పోవడం అరుదు. రెండు దవడలూ కోసి సెంటీమీటరు దాకా ముందుకి జరిపే ఆపరేషన్ అన్నిటికన్నా గట్టిగా పనిచేస్తుంది, అన్నిటికన్నా పెద్దది కూడా. ఏ ఆపరేషన్ అన్నా ముందు డైస్ చేశారా అని అడగండి, తేలికపాటి మత్తిచ్చి నిద్రపుచ్చి గొంతులోకి సన్నటి కెమెరా పంపి ఎక్కడ మూసుకుపోతోందో చూసే పరీక్ష అది. ఎక్కడ మూసుకుంటోందో చూడకుండా ఎక్కడో ఒకచోట కోస్తే ఎలా?

డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఛాతీలో పెట్టే మిషన్ గురించి అడిగాడు. ఇన్‌స్పైర్ అంటారు, పేస్‌మేకర్ లాంటిది, ఊపిరి తీసుకునేటప్పుడల్లా నాలుక నరానికి చిన్న కరెంటు ఇచ్చి నాలుకని ముందుకి కదిలిస్తుంది, పడుకునేముందు రిమోట్‌తో ఆన్ చేసుకోవాలి. అక్కడ 2014లో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది, అదే ఏడాది వచ్చిన ట్రయల్‌లో 126 మందికి పెడితే ఏడాదికి ఏహెచ్ఐ 29 నుంచి 9కి వచ్చింది. సీప్యాప్ పడనివాళ్ళకే, మరీ లావుగా లేనివాళ్ళకే, డైస్‌లో గొంతు నాలుగు వైపుల నుంచీ గుండ్రంగా మూసుకుపోనివాళ్ళకే పెడతారు. వాడికి ఆ డైస్ దగ్గరే ఆగిపోయింది.

ఇక డబ్బులు దండగ లిస్టు. ముక్కు మీద అంటించే స్ట్రిప్పులు ముక్కు తెరుస్తాయి, గొంతు తెరవవు. గడ్డానికి కట్టే పట్టీ నోరు మూస్తుంది, అంతే. నోటికి టేపు వేసుకోవడం ఇప్పుడు రీల్స్‌లో తెగ తిరుగుతోంది, ఆప్నియా ఉన్నవాడు ముక్కు దిబ్బడ ఉన్న రాత్రి నోటికి టేపు వేసుకోవడమంటే నాకైతే ఒళ్ళు జలదరిస్తుంది. నిద్ర పట్టట్లేదని నిద్రమాత్ర అస్సలు వేసుకోవద్దు, కొన్ని మాత్రలు గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి, రాత్రి మందు కూడా అంతే, పెగ్గు వేసిన రాత్రి గురక పక్కింటికి వినపడేది అందుకే.

మనం చేసే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. గురక తగ్గింది కదా, ఆప్నియా పోయినట్టే అనుకుంటాం. కాదు. గురక శబ్దం, ఆప్నియా నిశ్శబ్దం. పళ్ళ సెట్టు పెట్టుకున్న రెండో నెల్లో మా ఆవిడ అసలు గురకే లేదండీ అంది, సంబరపడిపోయి టెస్టు చేయించుకుంటే ఏహెచ్ఐ ఇంకా 14 ఉంది. అప్పుడు స్క్రూ ఇంకొంచెం ముందుకి తిప్పి, పక్కకి పడుకోవడం గట్టిగా పాటించి, బరువు కూడా ఆ ఏడు కేజీలు తగ్గాక మళ్ళీ చేయిస్తే 6. అదొక్కటే ఇదొక్కటే అని కాదు, మూడూ కలిసి చేసిన పని. మధ్యలో ఎలా ఉన్నామో చూసుకోడానికి ఎప్‌వర్త్ అని ఎనిమిది ప్రశ్నల కాగితం ఉంటుంది, టీవీ చూస్తుంటే కునుకు పడుతుందా, భోజనం చేసి కూర్చుంటే పడుతుందా అని అడుగుతుంది, మొత్తం 24 మార్కులు, 10 దాటితే మత్తు ఎక్కువున్నట్టు. నాది 17 నుంచి 7కి వచ్చింది, నెలనెలా క్యాలెండర్ వెనక రాసుకున్నా. ఇది మాత్రం టెస్టుకి బదులు కాదు.

కాబట్టి ఏది మొదలెట్టినా రెండు మూడు నెలలకి మళ్ళీ స్లీప్ టెస్టు చేయించండి, ఇంటికి పంపే చిన్న కిట్టు చాలేమో డాక్టర్‌ని అడగండి. ఆ రాత్రి మీరు వాడుతున్నది పెట్టుకునే పడుకోవాలి, పళ్ళ సెట్టు అయితే సెట్టుతో, బంతి అయితే బంతితో, రోజూ వాడే దిండే పట్టుకెళ్ళండి. పాత రిపోర్టు జిరాక్సు తీసుకెళ్ళండి, లేకపోతే దేనితో పోల్చాలో వాళ్ళకి తెలీదు. నాకు టెక్నీషియన్ అబ్బాయి చెప్పిన కిటుకు ఇంకోటుంది, సెట్టుతో పాటు కాసేపు కావాలనే వెల్లకిలా కూడా పడుకోండి సార్ అన్నాడు, లేకపోతే పక్కకి పడుకోవడం వల్ల తగ్గిందో సెట్టు వల్ల తగ్గిందో తేలదని. అలా తేలిందే నాకు, సెట్టు ఉన్నా వెల్లకిలా ఇంకా 15 దగ్గరే ఉందని. అందుకే బనియన్ పారేయలేదు, జలుబు చేసి ముక్కు మూసుకున్న రోజుల్లో అలవాటుగా వెల్లకిలా తిరిగిపోతుంటా, ఆ రాత్రులు బంతి మళ్ళీ జేబులోకి వెళ్తుంది.